రంగు కాదు, అంచు చూడు

బషీర్‌బాగ్‌లో చర్మవైద్యుడి దగ్గరికి ఆషాఢంలో ఎర్రగోళ్లు వస్తాయి, జనవరిలో నాంపల్లి నుమాయిష్ మొదలయ్యాక నల్లమెహందీ గోళ్లు. పసుపుగోళ్లు మాత్రం ఏడాది పొడవునా. అందరిదీ ఒకటే భయం: "లివర్ పాడైందా డాక్టర్‌గారూ?"

నువ్వు కంగారుపడి రక్తపరీక్షలు రాయకు. ముందు దూదితో అసిటోన్ రుద్దు. పోకపోతే 15 నంబరు బ్లేడుతో పైపైన గీకు. రంగు పొడిగా రాలి, కింద మామూలు గోరు బయటపడితే అది బయటి సరుకే. బేస్ కోట్ లేకుండా ముదురు నెయిల్ పాలిష్ వేస్తే మిగిలే పసుపు అలాంటిదే. గోరింటాకు వేరు. అందులోని లాసోన్ కెరటిన్‌ని పట్టేస్తుంది, అసిటోన్‌ని లెక్కచేయదు.

అసలు కిటుకు ఉస్మానియాలో మా ప్రొఫెసర్‌గారిది. భూతద్దం చేతికిచ్చి "రంగు తర్వాత, ముందు అంచు చూడరా" అనేవారు. బయటినుంచి అంటిన రంగు క్యూటికల్ దగ్గర ఆగుతుంది. దాని అంచు చర్మపు మడతతో పాటే వేలి మొదలువైపు వంగుతుంది. ఒంట్లోంచి వచ్చిన రంగైతే లూనులా, అదే గోరు మొదట్లోని తెల్ల నెలవంకలా, కొనవైపు ఉబ్బుతుంది.

ఈ పాఠం నాకు మొదట అక్కరకొచ్చింది ఒక నగల పనివాడి దగ్గర. ఇక్కడ షోరూములకు కొదవా? బొటనవేలి, చూపుడువేలి గోళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. ఫంగస్ మాత్రలు నెలల తరబడి మింగి వచ్చాడు పాపం. అంచు మడత వెంటే ఉంది. "తేజాబ్ ముట్టుకుంటావా?" అన్నాను. "నగ దాంట్లోంచి తీసేదే నేను సార్!" తేజాబ్ అంటే నైట్రిక్ యాసిడ్, అది గోటి ప్రొటీన్‌నే పసుపు చేస్తుంది. పట్టుకారు, గ్లోవ్స్ వాడమన్నాను. చీటీలో మందు లేదని అలిగి వెళ్లాడు. గోరు పూర్తిగా మారాక తమ్ముణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

చేతిగోరు నెలకు సుమారు 3 మి.మీ. పెరుగుతుంది. క్యూటికల్‌కీ మచ్చకీ మధ్య 6 మి.మీ. శుభ్రంగా ఉంటే, రెండు నెలల కింద ఏం చేశారో అడుగు. నా జూనియర్లకు ఇది ఓటు సిరాతో నేర్పుతాను. 1962 ఎన్నికల నుంచి వాడుతున్న ఆ సిరాలో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది, వెలుగు తగిలి నల్లబడుతుంది. చర్మం మీది గీత ముందే పోతుంది, గోటి మీదిది గోరుతో పాటు జరగాల్సిందే. వాళ్ల గోళ్ల మీదే స్కేలు పెట్టి కొలిపిస్తాను.

ఒకే వేలి గోరు నారింజ, గోధుమ రంగుకు తిరిగిందా? "మంగుమచ్చల క్రీము ఏ వేలితో రాస్తారమ్మా?" అని అడుగు. హైడ్రోక్వినోన్ ఉన్న ఆ క్రీము రాసి చెయ్యి కడుక్కోకుండా ఎండలోకి వెళ్తే అంతే. ఈ ప్రశ్నకు చాలామంది జవాబు చెప్పరు, ఆ వేలు ఎత్తి చూపిస్తారు.

ఒకే గోటికి నిలువుగా నల్లచార వచ్చి, వెడల్పవుతూ చర్మం మీదికి పాకుతుంటే మాత్రం బ్లేడు పక్కన పెట్టు. అది మెలనోమా కావచ్చు. ఆ రోజే బయాప్సీకి రాయి.