మందు డబ్బా, తుపాకీ

కాన్సస్ సిటీ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి తుపాకీ అంటే 2017 ఫిబ్రవరి. ఒలేతాలో, ఆఫీసు అయ్యాక స్నేహితుడితో కలిసి బార్‌లో కూర్చున్న ఒక తెలుగు ఇంజనీర్‌ని, "మా దేశంలోంచి పొండి" అని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళకి ఇక్కడికి వచ్చిన నాలాంటి వాళ్ళకి కూడా ఆ సంగతి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. కొత్త రెస్టారెంట్‌లోకి వెళ్ళగానే బయటికి దారి ఎటుందో చూసుకోవడం మాలో చాలామందికి అలవాటు. 2024లో సూపర్ బౌల్ గెలిచిన సంబరంలో నగరం నడిబొడ్డున ఊరేగింపు ముగిశాక కాల్పులు జరిగాయి. ఒకరు చనిపోయారు, ఇరవై మందికి పైగా గాయపడ్డారు. ఆ రోజు మా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: "వీళ్ళకి ఈ తుపాకుల పిచ్చి ఎందుకు?"

ఆ "వీళ్ళ"లో ఒకాయన మా టీమ్‌లోనే ఉన్నాడు. మిస్సోరీలో, ఇక్కడికి రెండు గంటల దూరంలో, పశువుల ఫారమ్ మీద పుట్టి పెరిగాడు. ఇప్పటికీ అక్కడే ఉంటూ వారానికి రెండు రోజులు ఆఫీసుకి వస్తాడు. నవంబర్ మధ్యలో జింకల వేట మొదలవగానే సెలవు పెడతాడు. కొట్టిన జింకని ఏడాది పొడుగునా ఇంట్లో వండుకుంటారు. మిగిలితే ఫుడ్ బ్యాంకుకి ఇస్తారు, దానికి అక్కడ ప్రభుత్వ పథకమే ఉంది. దూడల మీదికి కొయోటీలు వస్తాయి. రాత్రిపూట ఏదైనా జరిగితే షెరిఫ్ కారు రావడానికి ముప్పావు గంట. ఇవన్నీ ఆయన వాదనగా చెప్పడు. మన ఊళ్ళో ఎవరైనా గొడ్డలి ఎందుకు ఉందని అడిగితే ఎలా చెప్తారో అలా చెప్తాడు. వాళ్ళ నాన్న వాడిన రైఫిల్ ఈయనకి వచ్చింది. రేపు కూతురికి పోతుంది.

ప్యూ రిసెర్చ్ సెంటర్ 2023 సర్వేలో, పల్లెల్లో ఉండే అమెరికన్లలో 47 శాతం మంది తమకి సొంత తుపాకీ ఉందన్నారు. నగరాల్లో 20 శాతం. ఒకే రాష్ట్రంలో రెండు లోకాలన్నమాట. నగరంలో తుపాకీ అంటే ముక్కూమొహం తెలియని వాడి నడుముకి ఉండేది. పల్లెలో అది నాన్న అల్మారాలో ఉండేది. మిస్సోరీ చట్టం ప్రకారం నగరాలు తుపాకుల మీద చాలావరకు సొంత చట్టాలు చేసుకోలేవు, రాష్ట్రం చెప్పిందే వినాలి. రాష్ట్ర శాసనసభలో పల్లెల మాటే చెల్లుతుంది. అందుకే నగరంవాళ్ళకి, తమ వీధిలో పారే రక్తాన్ని ఎక్కడో వంద మైళ్ళ అవతలి వాళ్ళు పట్టించుకోవట్లేదని కోపం. పల్లెవాళ్ళకేమో, నగరంలో ఎవడో చేసిన నేరానికి తమ ఇంట్లో వస్తువు లాక్కుంటారని భయం. లంచ్ టేబుల్ దగ్గర ఈ రెండూ నేను చాలాసార్లు విన్నాను. రెండిటికీ తలూపాను కూడా.

అయితే ఆ టేబుల్ దగ్గర ఎవరూ ఎత్తని అంకె ఒకటుంది. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల 48,830 మంది చనిపోయారు. అందులో హత్యలు 20,958. ఆత్మహత్యలు 26,328. అంటే సగం కంటే ఎక్కువ మందిని చంపింది దుండగుడు కాదు, పోలీసు కాదు. ఇంట్లో ఉన్న తుపాకీతో ఇంట్లో మనిషే. తుపాకీతో ఆత్మహత్యల రేటు నగరాల కంటే పల్లెల్లోనే ఎక్కువ. ఏ దొంగ నుంచి కాపాడుకోవడానికి ఉంచుకున్నారో ఆ దొంగ రానే రాడు. వేరే రాత్రి ఒకటి వస్తుంది.

ఈ అంకె నాకు కొత్తగా అనిపించలేదు. మాది వరంగల్ దగ్గర పత్తి పండే ఊరు. 1998లో పత్తి రైతుల చావులు పేపర్లలో వరసగా వచ్చినప్పుడు నేను చిన్నపిల్లని. మా ఇంట్లో తుపాకీ లేదు, ఊళ్ళో ఎవరికీ లేదు. మందు డబ్బా మాత్రం ప్రతి ఇంట్లో ఉండేది. పురుగు పడితే కొట్టాలి కదా, అది లేకుండా వ్యవసాయం ఏముంది? దాన్ని ఆయుధమని ఎవరూ అనలేదు. ఆ సంవత్సరం పంట పోయి, అప్పులవాళ్ళు ఇంటి చుట్టూ తిరుగుతుంటే మా చిన్నాయన మాట్లాడటం మానేశాడు. ఒకరోజు పొద్దున్నే మా నాయనమ్మ డబ్బాని గోనెసంచిలో చుట్టి పక్కింటికి తీసుకుపోయింది. "నీ ఇంట్ల పెట్టుకో అక్కా. వాడొచ్చి అడిగినా ఇయ్యకు," అంది. అంతే. ఉపన్యాసం లేదు, కౌన్సెలింగ్ లేదు. డబ్బా ఎందుకు లేదని చిన్నాయన అడగలేదు. ఆయన ఇప్పటికీ ఉన్నాడు, మనవరాలిని బడికి దింపుతాడు.

నాయనమ్మకి తెలిసింది దేశాలకి కూడా తెలుసు. 1990లలో శ్రీలంక అత్యంత ప్రమాదకరమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించింది. పదేళ్ళలో ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి పడిపోయింది. అప్పులు తీరిపోలేదు, మనుషుల దుఃఖాలూ పోలేదు. ఆ క్షణం చేతికి అందేది మారిందంతే. ఆ ఒక్క రాత్రి దాటినవాళ్ళలో చాలామంది బతికే ఉంటారు.

ఇదంతా ఒకసారి మా టీమ్ ఆయనకి చెప్పాను. తుపాకుల గురించి కాదు, మా నాయనమ్మ గురించి. ఆయన కాసేపు కాఫీ కప్పు వైపే చూసి, రెండేళ్ళ కిందటి చలికాలం సంగతి చెప్పాడు. పక్క ఫారమ్ అతను, భార్య వెళ్ళిపోయాక, ఫోన్ తీయడం మానేశాడట. ఈయన ట్రక్ వేసుకుని వెళ్ళి, "వేసవి దాకా నీ తుపాకులు నా సేఫ్‌లో పెట్టుకుంటాను," అన్నాడట. అతను ఏమీ అనకుండా తనే మోసుకొచ్చి ట్రక్‌లో పెట్టాడట. "మా దగ్గర ఇది రాజకీయం కాదు," అన్నాడు ఆయన. "అదే పని షెరిఫ్ వచ్చి చేసుంటే అతను తలుపు తీసేవాడు కాదు."

న్యూ హాంప్‌షైర్‌లో ఇలాంటి పనే ఇంకాస్త పెద్ద ఎత్తున జరిగింది. 2009లో ఒకే దుకాణంలో తుపాకులు కొన్న ముగ్గురు, వారం లోపల, కొన్న కొద్ది గంటల్లోనే ప్రాణాలు తీసుకున్నారు. తుపాకుల దుకాణాల వాళ్ళూ ఆరోగ్య కార్యకర్తలూ కలిసి కూర్చున్నారు. కష్టంలో ఉన్న మనిషిని ఎలా గుర్తుపట్టాలి, ఎప్పుడు అమ్మకూడదు, స్నేహితుడి తుపాకులు కొన్నాళ్ళు ఎలా దాచిపెట్టాలి అని పోస్టర్లు వేసి కౌంటర్ల దగ్గర పెట్టారు. తర్వాత వేరే రాష్ట్రాలు కూడా ఆ దారి పట్టాయి. తుపాకీ చెడ్డదని చెప్పి ఉంటే ఆ పోస్టర్లు ఆ గోడలెక్కేవి కావు.

దీంతో నగరం గొడవ తీరిపోదు. ఊరేగింపులో కాల్చిన వాడికి పక్క ఫారమ్ స్నేహితుడు ఉండడు. అక్కడ కావాల్సింది చట్టమే, అది నగరానికి తన చేతుల్లో ఉండాలనే నా అభిప్రాయం. అలాగని పల్లెలో ప్రతి తుపాకీని ఒలేతా తుపాకీగా చూస్తే, అటువైపు తలుపులు మూసుకుంటాయి. ఆ మూసిన తలుపుల వెనకే సగం పైగా చావులు ఉన్నాయి.

ఈమధ్య మా అమ్మాయిని వాళ్ళ ఫారమ్‌లో రెండు రోజులు ఉంచమని ఆయన కూతురు ఒకటే గోల. సరే అనే ముందు అడిగాను, ఇంట్లో తుపాకులు ఎక్కడ ఉంటాయి, తాళం ఉంటుందా అని. మన దగ్గర ఎవరింటికైనా పోయేముందు బావికి గోడ ఉందా అని అడిగినట్టే. ఆయనేమీ నొచ్చుకోలేదు. సేఫ్ ఎక్కడుందో, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో, తూటాలు ఇంకో గదిలో ఎలా ఉంటాయో చెప్పాడు. చెప్పాక, "వచ్చే నెల మా అమ్మాయి మీ ఇంటికి వస్తుంది కదా. మీ ఇంట్లో నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు ఎక్కడ పెడతారు?" అని అడిగాడు.

చెప్పాను.