శుక్రవారం మాత్ర

చర్లలో ఉండే మా అక్క కొడుక్కి లుకేమియా. వారానికోసారి, శుక్రవారం రాత్రి మెథోట్రెక్సేట్ మాత్రలు. రోజూ వేస్తే ప్రమాదం, మానేస్తే జబ్బు తిరగబెడుతుందని భయం.

"ఏదో కొత్త వైద్యం వచ్చిందట కదా తమ్ముడూ?" అంది ఫోన్లో. 2023లో మన దేశంలో అనుమతి పొందిన నెక్స్‌కార్19 సంగతి. రోగి టి-కణాలనే తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టే జన్యువు చేర్చి, మళ్ళీ ఎక్కిస్తారు. మామూలు మందులు పనిచేయనప్పుడే అది.

కోడ్ రాసేవాణ్ణి, కొత్త వెర్షనే గొప్పనుకునేవాణ్ణి. కానీ పిల్లాణ్ణి కాస్తున్నది పాతదే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీలో తయారుచేసిన అమినోప్టెరిన్, క్యాన్సర్ కణాలకు ఫోలిక్ ఆమ్లం అక్కరకు రాకుండా చేసింది. దాంతోనే 1948లో పిల్లల్లో లుకేమియా కొన్నాళ్ళు తగ్గిందని సిడ్నీ ఫార్బర్ ప్రకటించాడు. ఆ ఏడే సుబ్బారావు పోయారు. మెథోట్రెక్సేట్ ఆ మందుకు తోబుట్టువు.

"అయితే మనోళ్ళ మందేనా!" అంది అక్క. ఆ కొత్త వైద్యం వాడికి అవసరం పడకూడదనే నా కోరిక. ఇప్పుడు శుక్రవారం నేనే ఫోన్ చేస్తున్నా.