పొందూరు పోగు... హెచ్‌డీ బొమ్మ!

దసరా వస్తోందంటే విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల నడవడానికి చోటుండదు. ఒకవైపు బట్టల కొట్లు, ఇంకోవైపు గిన్నెల కొట్లు, మధ్యలో అద్దాల తలుపుల టీవీ షోరూంలు. లోపల గోడ నిండా తెరలే. అన్నింట్లోనూ ఒకటే బొమ్మ... రామచిలుక రెక్క విప్పితే ఈక ఈకా లెక్కపెట్టొచ్చు. పైడితల్లి అమ్మవారి పండక్కి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు అక్కడో నిమిషం నిలబడిపోతారు. 'కొంటే ఇలాంటిదే కొనాల' అనుకుంటారు. కొంటారు కూడా. తీరా ఆటోలో ఇంటికి తెచ్చి, గోడకు బిగించి, కేబుల్ పెట్టెకు తగిలిస్తే... చిలకా లేదు, ఈకా లేదు. రోజూ వచ్చే సీరియలే! 'పాత టీవీకీ దీనికీ ఏటర్రా తేడా?' అని మామ్మ అడిగితే మనవడి దగ్గర జవాబుండదు.

ఆ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. ఎందుకంటే హెచ్‌డీకి టీవీ ధరతో పాటు నెలనెలా చందా కూడా పెరుగుతుంది. 2019 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చిన ట్రాయ్ నిబంధనల ప్రకారం అప్పట్లో 130 రూపాయల కనీస రుసుముకు వంద మామూలు ఛానళ్లు వచ్చేవి. అందులో హెచ్‌డీ ఛానల్ ఒక్కటి తీసుకుంటే రెండు మామూలు ఛానళ్ల కింద లెక్కగట్టేవారు. మరి ఆ అదనపు డబ్బుకు తగ్గ బొమ్మ మన ఇంట్లో, మన కళ్లకు కనిపిస్తోందా?

సిరిమాను ఎంత దూరం?

ముందు అంకెలు. మామూలు ప్రసారంలో బొమ్మకు 576 గీతలు, గీతకు 720 చుక్కలు. అన్నీ కలిపితే 4 లక్షల 14 వేల పైచిలుకు. పూర్తి హెచ్‌డీలో గీతలు 1080, చుక్కలు 1920. మొత్తం 20 లక్షల 73 వేలు... అంటే అయిదు రెట్లు! 4కె అయితే దానికి మరో నాలుగు రెట్లు.

కాగితం మీద లెక్క బాగానే ఉంది. కంటి లెక్క మాత్రం వేరు. అది అర్థం కావాలంటే మళ్లీ విజయనగరం వీధిలోకే రావాలి. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం. పొడవాటి చింతమాను చివర ఆసనం మీద పూజారి కూర్చుంటే, ఆ మానును మూడులాంతర్ల దగ్గరున్న గుడి నుంచి కోట వరకూ మూడుసార్లు తిప్పుతారు. రోడ్డు పక్క అరుగు మీద నిలబడినవాళ్లకు పూజారి ముఖం, చేతిలో విసనకర్ర కనిపిస్తాయి. నాలుగు వీధుల అవతల మేడ మీద ఉన్నవాళ్లకు కనిపించేది ఆకాశంలో ఊగే ఒక గీత, దాని చివర ఓ చుక్క. మానులో మార్పు లేదు, మారింది దూరం. టీవీకీ అదే సూత్రం.

జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత ఈ కొత్తరకం టీవీ మీద పరిశోధన మొదలుపెట్టింది. తెర ఎత్తుకు మూడు రెట్ల దూరంలో కూర్చుని చూసేవాళ్ల కోసం దాన్ని రూపొందించింది. 32 అంగుళాల టీవీ ఎత్తు సుమారు 16 అంగుళాలు. దానికి మూడు రెట్లంటే నాలుగడుగులు! ఏ ఇంట్లో అంత దగ్గరగా కూర్చుంటారు? కూర్చున్న పిల్లల్ని 'కళ్లు పోతాయి, వెనక్కి జరగండి' అని కసరని అమ్మ ఉంటుందా?

పోగు చెప్పిన పాఠం

విజయనగరంలో పాసింజరు రైలెక్కితే నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి దాటాక పొందూరు వస్తుంది. ఖద్దరుకు పేరుమోసిన ఊరు. ఇక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారు. వంద కౌంటు దాకా సన్నటి నూలు వడుకుతారు. ఆ పోగు మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు.

ఆ బట్టను చేత్తో పట్టుకుని అడుగు దూరంలో చూడండి. చూపు బాగుంటే పోగు పోగూ విడిగా కనిపిస్తుంది. దండెం మీద ఆరేసి ఆరడుగులు వెనక్కి జరగండి. పోగులు మాయం. ఒకటే తెల్లటి బట్ట! వంద కౌంటుకూ ఎనభై కౌంటుకూ తేడా చెప్పమంటే అంత దూరం నుంచి నేతగాళ్లకూ కష్టమే. మామూలు చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకే రెండు చుక్కల్ని విడదీసి చూడగలదు. అంతకంటే సన్నబడితే రెండూ ఒకటైపోతాయి.

తెర మీది చుక్కలూ ఆ పోగుల్లాంటివే. ఈ లెక్కను టీవీకి వర్తింపజేస్తే ఇలా తేలుతుంది. 32 అంగుళాల తెర మీద మామూలు బొమ్మలోని చుక్కలు ఎనిమిది అడుగుల దగ్గర కలిసిపోవడం మొదలవుతుంది. పదకొండు అడుగులకు పూర్తిగా కలిసిపోతాయి. అంటే ఆ దూరంలో కూర్చున్నవాళ్లకు హెచ్‌డీలో ఎక్కువున్న చుక్కల వల్ల ఒరిగేదేమీ లేదు. 24 అంగుళాల టీవీకైతే ఆ గీత ఆరు నుంచి ఎనిమిది అడుగులే. అదే 43 అంగుళాలైతే పదిన్నర నుంచి పదిహేను అడుగుల దాకా వెళ్తుంది. కాబట్టి పెద్ద తెర ఉన్న ఇంట్లో తొమ్మిదడుగుల నుంచి చూసినా హెచ్‌డీ తేడా కంటికి ఆనుతుంది. ఆ 43 అంగుళాల మీదే హెచ్‌డీకీ 4కెకూ తేడా తెలియాలంటే మాత్రం అయిదున్నర అడుగుల లోపలికి జరగాల్సిందే.

ఇప్పుడు ఈ జిల్లాల పల్లె ఇళ్లను గుర్తుచేసుకోండి. గోడకు గోడ ఆనుకున్న వరస ఇళ్లు. వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. టీవీ ముందు గదిలో ఉంటుంది. ఒకరు మంచం మీద, ఒకరు గుమ్మం దగ్గర, ఇంకొకరు వంటగదిలోంచి కూర తరుగుతూ చూస్తారు. ఒకే బొమ్మ ముందు కూర్చున్న పిల్లాడికి హెచ్‌డీ, వెనకున్న వాళ్లమ్మకు మామూలు టీవీ!

చుక్కల వాన వెలిసింది

'అదేం మాట, మా టీవీ ఇదివరకటి కంటే ఎంతో బాగుంది కదా' అంటారా? నిజమే. కాకపోతే ఆ ఘనత చాలావరకూ హెచ్‌డీది కాదు.

రైలు పొందూరు దాటి ఆమదాలవలస చేరేసరికి పట్టాలకు అటూ ఇటూ మేడల మీద గొడుగుల్లాంటి డిష్‌లు కనిపిస్తాయి. 1987లో ఆదివారం ఉదయాలు దూరదర్శన్‌లో రామాయణం వస్తున్నప్పుడు మేడల మీద ఉండేవి ఇనప కడ్డీల యాంటెనాలు. పైన ఒకడు దాన్ని తిప్పడం, కింది నుంచి 'వచ్చింది... పోయింది...' అని ఇంకొకడు అరవడం ఆనాటి వాళ్లకు గుర్తే. తర్వాత కేబుల్ వచ్చినా తెర మీద చుక్కల వాన పోలేదు. మనిషి పక్కన మనిషి నీడ పోలేదు.

అవి పోయింది డిజిటల్ పెట్టెలతో. కేబుల్ డిజిటలీకరణకు విశాఖపట్నం గడువు 2013 మార్చి 31. శ్రీకాకుళం, విజయనగరం లాంటి పట్టణాలకు 2015 డిసెంబరు 31. పల్లెలకు చివరగా 2017 మార్చి 31. అదే ఏడాది డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ 149 రూపాయలకు ఇంటర్నెట్‌తో పాటు టీవీ ఛానళ్లూ ఇస్తామంటూ ముందుకొచ్చింది. చుక్కలు పోయి బొమ్మ తేటపడటం ప్రతి కంటికీ తెలిసిన మార్పు. కళ్లజోడు అక్కర్లేదు, దగ్గరగా జరగక్కర్లేదు. చాలామంది 'హెచ్‌డీ' అనుకుంటున్నది దీన్నే.

డిజిటల్‌కూ ఓ జబ్బుంది. ఒకే దారిలో ఎక్కువ ఛానళ్లు పంపాలని బొమ్మను కుదించేస్తారు. అందుకే క్రికెట్‌లో బంతి బౌండరీకి పరుగెడుతుంటే పచ్చిక గళ్లు గళ్లుగా చెదురుతుంది. హెచ్‌డీ ఛానల్‌కు ఎక్కువ చోటిస్తారు కాబట్టి ఆ గళ్లు తగ్గుతాయి. చిన్న టీవీ మీద దూరం నుంచి కూడా కొందరికి తేడా తెలిసేది ఇక్కడే... ఆటల్లో, వేగంగా కదిలే పాటల్లో. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే చర్చలో పెద్దగా తెలియదు.

మనసు కూడా కన్నే

నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం వాళ్లు 2009లో ఓ తమాషా ప్రయోగం చేశారు. ఒకే వీడియోను రెండు బృందాలకు చూపించారు. ఒక బృందానికి మామూలు బొమ్మేనని చెప్పారు. రెండో బృందానికి మాత్రం హెచ్‌డీ అని చెప్పి, గోడకు పోస్టర్లు అంటించి, టీవీకి లావుపాటి తీగ కూడా తగిలించారు. రెండో బృందం బొమ్మ చాలా బాగుందని మెచ్చుకుంది! షోరూంలో చిలక చేసేదీ కొంత ఇలాంటి మాయే. వెలుతురు పెంచి, రంగులు దట్టించి, ప్రత్యేకంగా తీసిన వీడియోను మూడడుగుల దూరం నుంచి చూపిస్తారు. ఇంటికొచ్చాక ఈ నాలుగూ ఉండవు.

రైలు నౌపడా ఉప్పుమళ్లు దాటి, పలాస జీడితోటల మీదుగా ఇచ్ఛాపురం వైపు సాగుతుంటే కుడిపక్క సముద్రం దూరంగా తోడొస్తుంది. బతుకుతెరువుకు గుజరాత్‌లోని వీరావల్ దాకా వెళ్లే మత్స్యకారులు ఈ రెండు జిల్లాల తీరంలో ఎందరో. 2018 నవంబరులో అరేబియా సముద్రంలో పాకిస్థాన్ గస్తీ దళాలకు చిక్కినవాళ్లలో ఎక్కువమంది ఇక్కడివాళ్లే. 2020 జనవరి 6న 20 మంది విడుదలై వాఘా దాటారు. ఆ దృశ్యాలు టీవీల్లో వచ్చాయి. తెలుగు వార్తా ఛానళ్లు చాలావరకూ మామూలు ప్రసారాలే. అయినా ఎదురుచూసే ఇల్లాలికి తన మనిషిని పోల్చుకోవడానికి ఇరవై లక్షల చుక్కలు కావాలా?

అదే ఏడాది లాక్‌డౌన్‌లో దూరదర్శన్ పాత రామాయణాన్నే మళ్లీ వేసింది. ముప్ఫయ్యేళ్ల కిందటి మసక బొమ్మ అది. ఏప్రిల్ 16న ఒక్కరోజే 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించింది. కథ పట్టుకుంటే మసక గుర్తుండదు.

ఖర్చులేని పరీక్ష

మరి హెచ్‌డీ తీసుకోవాలా, వద్దా? ముందు ఇంట్లో పెద్దవాళ్ల కళ్లు చూపించండి. శుక్లం కమ్మిన కంటికి ఎంత ఖరీదైన తెరైనా మసకే. శుక్లం తీయించుకున్నా, సరైన అద్దాలు పెట్టుకున్నా ఉన్న టీవీయే కొత్తదైపోతుంది.

తర్వాత ఈ పరీక్ష పెట్టండి. ఒకే ఛానల్ మామూలుగానూ హెచ్‌డీలోనూ వస్తుంటే సరే, లేదంటే ఇంటర్నెట్ ఉన్న టీవీలో ఒకే వీడియోను 480లోనూ 1080లోనూ పెట్టుకోవచ్చు. తెర మూలనున్న ఛానల్ గుర్తు మీద చిన్న కాగితం ముక్క అంటించండి. ఇంటిల్లిపాదీ రోజూ కూర్చునే చోటే కూర్చోవాలి. రిమోట్ పట్టుకున్న ఒకరు తప్ప మిగతావాళ్లు మార్చేటప్పుడు కళ్లు మూసుకోవాలి. పదిసార్లు అటూ ఇటూ మార్చి, ఏది ఏదో చీటీ మీద రాయమనండి. ఎనిమిదీ అంతకు మించీ సరిపోతే మీ ఇంట్లో హెచ్‌డీ కనిపిస్తున్నట్టే... నిశ్చింతగా చందా కట్టండి. అయిదో ఆరో వచ్చాయా? బొమ్మా బొరుసూ వేసినా అన్ని వస్తాయి! ఆ డబ్బు మిగుల్చుకుని, కుర్చీ రెండడుగులు ముందుకు జరుపుకోండి.