జీరో టికెట్టు పైసలు

షార్జాలో మేముండే వాడలో తెలుగు ఆడవాళ్ళం పదిమందిమి చీటీ వేసుకుంటాం. నెలకు 400 దిర్హాములు, పది నెలలు. పాట లేదు, వడ్డీ లేదు. ఎవరి అవసరాన్ని బట్టి వాళ్ళకు నెల. జనవరి చీటీ మాత్రం నాకు ఇవ్వాలని ముందే మాట తీసుకుంటాను. 4,000 దిర్హాములు చేతిలో పడిన రాత్రే కూర్చుని హైదరాబాద్‌కు నలుగురికి రానుపోను టికెట్లు తీసేస్తాం. మార్చిలో పరీక్షలయ్యాక ఏప్రిల్‌లో కొత్త తరగతి మొదలయ్యేలోపు ఇక్కడి మన ఇండియన్ బడులు సెలవులిస్తాయి కదా, ఆ రెండు వారాలకు. ఇవే టికెట్లకు జూలై మొదటి వారంలో, అదీ పది రోజుల ముందు, మేము 8,000 దిర్హాములు పోసిన ఏడాది ఒకటుంది.

ఆ ఏడాది సంగతి చెప్పాలి. మూడేళ్ళ తర్వాత ఊరికి పోతున్నాం. రెండు నెలల ముందు నుంచే అట్టపెట్టెలు నింపాం. నిడో పాలపొడి, టాంగ్, ఖర్జూరం, సెంటు సీసాలు, దుప్పట్లు. పెట్టెకు నాలుగు వైపులా తాడు బిగించి, మీద నల్ల మార్కర్‌తో మా ఆయన పేరు, ఊరి పేరు పెద్ద అక్షరాలతో రాశాం. శంషాబాద్‌లో దిగగానే ఇన్నోవా. దాన్నే ఇంకో నాలుగు రోజులు ఉంచుకున్నాం, రోజుకు 4,500 రూపాయలు, డ్రైవర్ బత్తా వేరే. ఒక్క రోజులోనే వేములవాడ, కొండగట్టు, ధర్మపురి మూడు గుళ్ళూ తిరిగాం. రాత్రి కరీంనగర్ హోటల్‌లో రెండు గదులు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు బస్సెక్కితే సుట్టాలు ఏమనుకుంటారోనని భయం. నిజానికి ఎవరూ ఏమీ అనలేదు. మాకు మేమే అనుకున్నాం.

ఆ అప్పు తీర్చడానికి మా ఆయన ఎనిమిది నెలలు సెలవు రోజుల్లో కూడా గోదాముకు పోయాడు. పిల్లలకు ఏం మిగిలిందని చూస్తే, ధర్మపురిలో గోదావరి ఏ వైపు ఉందో మా బిడ్డకు గుర్తు లేదు. కారు వెనక సీట్లో చల్లగా నిద్రపోయింది. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. డబ్బు పోయినందుకు కాదు, అంత డబ్బు పెట్టి పిల్లలను మా ఊరికి దూరంగా అద్దాల వెనక కూర్చోబెట్టినందుకు.

ఈసారి చీటీ ఎత్తిన రాత్రి అవ్వకు, అంటే మా అమ్మకు, వీడియో కాల్ చేసి, బండి మాట్లాడమని బాపుకు చెప్పమన్నాను. అవ్వ ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, “బండెందుకు బిడ్డా, బస్సుల పోదాం. సద్ది కట్టుకుందాం. నువ్వు చిన్నప్పుడు పోలేదా?” అంది.

పోయాం. అప్పట్లో మా ఊరి నుంచి నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి పోయేవాళ్ళం. కొండగట్టు స్టేజీలో బస్సు దిగి మెట్లెక్కేవాళ్ళం. కోనేట్లో తానం, దర్శనం, తర్వాత చెట్ల కింద మూడు రాళ్ళ పొయ్యి. ఖర్చంతా చార్జీలూ కొబ్బరికాయలే. మేము బీదవాళ్ళం కాబట్టి అలా పోయామని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఈసారి మళ్ళీ అలాగే పోయాక తెలిసింది, ఆ ప్రయాణంలో లోటంటూ ఏమీ లేదని.

ముందు అట్టపెట్టెలు తగ్గించాం. పాలపొడి, టాంగ్ జగిత్యాల దుకాణాల్లో కూడా దొరుకుతున్నాయి. అక్కడ కొని, మోసి, బరువు ఎక్కువైతే విమానాశ్రయంలో మళ్ళీ కట్టడం ఎందుకు? ఇంటికొక ఖర్జూరం పొట్లం అనుకున్నాం, అంతే. ఒక్క మేనత్త చిన్నబుచ్చుకుంది. ఆమె ఇంట్లో రెండు పూటలు ఉండి, మక్కగట్క వండించుకుని తిన్నాం. పోయినసారి ఆమెకు దుప్పటి ఇచ్చి పావుగంటలో లేచొచ్చాం. ఈసారి మేము బయల్దేరుతుంటే గడప దాకా వచ్చి ఏడ్చింది.

కొండగట్టుకు బుధవారం పోయాం. మంగళవారం, శనివారం అక్కడ కాలు పెట్టే సందు ఉండదు. చైత్ర పౌర్ణమికి చిన్న హనుమాన్ జయంతి, వైశాఖ బహుళ దశమికి పెద్ద హనుమాన్ జయంతి. ఆ రెండు వేళల్లో దీక్ష తీసుకున్న స్వాములు లక్షల్లో వస్తారు. పిల్లలతో, ముసలివాళ్ళతో పోయేవాళ్ళు ఆ రోజులు తప్పించుకుంటే పైసలే కాదు, ప్రాణం కూడా సుఖంగా ఉంటుంది.

తెల్లవారుజామున అవ్వ సర్వపిండి చేసింది. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లాకు, కారం కలిపి, గుండ్రటి సర్వ లోపల అడుగున పలుచగా ఒత్తుతూ పోయింది. వేలితో అక్కడక్కడ చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేసింది. పొయ్యి మీద పెట్టిన సర్వను కొంచెం కొంచెంగా తిప్పుతూ ఉంటే అంచులు ఎర్రబడి, పిండి తనంతట తానే అడుగు వదిలింది. మా బిడ్డ పీట మీద కూర్చుని ఆ చిల్లులు లెక్కపెట్టింది. తొమ్మిది సర్వపిండ్లు, ఒక గిన్నె పులిహోర, సీసాల్లో నీళ్ళు. ఆరుగురికి ఆ రోజు సద్ది అదే.

జగిత్యాలలో బస్సు మారాం. కండక్టర్ దగ్గరికి రాగానే అవ్వ కొంగు ముడి విప్పి ఆధార్ కార్డు తీసింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. మిషన్‌లోంచి వచ్చిన జీరో టికెట్టును అవ్వ మడతపెట్టి కార్డుతో పాటు మళ్ళీ ముడేసుకుంది. నా ఆధార్ మీద కూడా మా ఊరి చిరునామానే ఉంది. కానీ నేను టికెట్టు కొన్నాను. అది అవ్వలాంటి వాళ్ళ కోసం. ఏడాదికి ఒకసారి వచ్చే నేను, పొదుపు పేరుతో అందులో చెయ్యి పెట్టకూడదనిపించింది. నా చార్జీ, బాపుది, మా ఆయనది, పిల్లలకు హాఫ్ టికెట్లు, అన్నీ కలిపినా పోయినసారి డ్రైవర్ బత్తాకు సరిపోవు.

గుట్ట మీద స్వామిని చూసేటప్పుడు బాపు మనవడిని ఎత్తుకున్నాడు. కొండగట్టు అంజన్న రూపం వేరే చోట చూసేలా ఉండదు. ఆంజనేయుడి మొహం పక్కనే నరసింహుడి మొహం, శంఖు చక్రాలు, గుండెలో సీతారాములు. బయటికొచ్చాక బాపు ఆ కథ చెప్పాడు. సింగం సంజీవుడనే పశువుల కాపరి, తప్పిపోయిన పశువును వెతుకుతూ అలసిపోయి చెట్టు కింద కన్ను మూస్తే స్వామి కలలో కనపడ్డాడని. “పశువు దొరికిందా తాతా?” అని మా వాడు నాలుగుసార్లు అడిగాడు. పోయినసారి ఆ కథ చెప్పడానికి బాపుకు తీరిక దొరకలేదు. డ్రైవర్ టైము చూసుకుంటున్నాడు మరి.

సద్ది విప్పగానే కోతులు వచ్చాయి. అవ్వ కట్టె పట్టుకుని నిలబడింది, మేము తిన్నాం. తర్వాత నేను నిలబడ్డాను, అవ్వ తింది. మా బిడ్డ తన సర్వపిండిలో సగం ఒక తల్లి కోతికి పోగొట్టుకుని, ఆ సంగతే సాయంత్రం దాకా అందరికీ చెప్పింది. మర్నాడు ధర్మపురిలో గోదావరిలో మునిగింది, యమధర్మరాజు గుడి ముందు నిలబడి లక్ష ప్రశ్నలు అడిగింది. ఇక ఆమెకు గోదావరి ఏ వైపు ఉందో ఎవరూ చెప్పనక్కరలేదు.

ముందు రోజు కొండగట్టు మీద పూజసామాన్లకు, గండదీపానికి పైసలు ఇవ్వబోతే అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపింది. సంచిలోంచి పాత నిడో డబ్బా తీసింది, ఎప్పుడో నేను పంపిందే. నిండా పది, ఇరవై నోట్లు, చిల్లర. దవాఖానకు జగిత్యాల పోయిన ప్రతిసారీ, టికెట్టుకు పోవాల్సిన పైసలు ఇంటికొచ్చి ఇందులో వేసిందట. “మీరొచ్చినప్పుడు ఖర్సుకుంటయని” అంది. అంత జీతాల మీద మేము చీటీ వేసి కూడబెట్టాం. ఆమె తనకు కాని ఖర్చును కూడబెట్టింది.

పొదుపు చెయ్యకూడని చోటు ఒకటుంది, అది మా వైపు అందరికీ తెలుసు. 2018 సెప్టెంబరు 11, మంగళవారం. కొండగట్టు ఘాట్‌లో కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు లోయలో పడి యాభైమందికి పైగా పోయారు. చుట్టుపక్కల పల్లెల వాళ్ళే, జగిత్యాల పోతున్నవాళ్ళు. ఆ పొద్దున షార్జాలో మా వైపు వాళ్ళ ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. ఆ రోజు ఇంటికి ఫోన్ కలిసేదాకా నేను కూర్చోలేకపోయాను. అవ్వ అప్పటి నుంచి నిండిన బండి ఎక్కదు, ఎంతసేపైనా ఇంకొకదాని కోసం ఆగుతుంది.

ఆ బుధవారం సాయంత్రం గుట్ట దిగడానికి ఆటో ఎక్కాం. పిల్లలు ఒళ్ళో. ఆటో కదలలేదు. డ్రైవర్ తన సీటుకు అటొకరు ఇటొకరు ఎక్కితే పోదామని కిందికి దిగి నిలబడ్డాడు. ఎండ తగ్గుతోంది, స్టేజీలో బస్సు తప్పుతుందేమోనని బాపు గడియారం చూస్తున్నాడు. అవ్వ డబ్బా మూత తీసింది.

“ఆ ఇద్దరి పైసలు నేనిస్త, నువ్వు ఒక్కనివే కూసుండి నడుపు బిడ్డా. నిమ్మళంగ నడుపు.”

నోట్లు ఒక్కొక్కటి లెక్కపెట్టి అతని చేతిలో పెట్టింది.