మెడకు చుట్టిన గుడ్డ

ఈ నెల కూడా రక్తపోటు మీదో మధుమేహం మీదో నాలుగు ముక్కలు రాయమని సంపాదకులు అడిగారు. పాఠకులు మన్నించాలి. ఈసారి మేము రాస్తున్న రోగి చనిపోయి మూడువేల సంవత్సరాలు దాటింది.

మా అమ్మాయికి బడిలో ఈజిప్టు పాఠం వచ్చింది. క్లియోపాత్రా కథ చెప్పమని కూర్చుంది. అది సినిమావాళ్లు ఎలాగూ చెప్పారు కనుక మేము మూడవ రామెసెస్ కథ ఎత్తుకున్నాం. క్రీస్తుపూర్వం 1186 ప్రాంతంలో గద్దెనెక్కి 31 ఏళ్లు ఏలిన రాజు. సముద్రం మీదుగా దండెత్తి వచ్చినవాళ్లను తిప్పికొట్టి, మెదీనెత్ హబు గుడి గోడల మీద ఆ విజయాలన్నీ చెక్కించుకున్నాడు. చివరి రోజుల్లో మాత్రం రాజ్యం గతి తప్పింది. 29వ ఏట రాజుల సమాధులు తొలిచే పనివాళ్లు ధాన్యపు జీతం అందక పని మానేసి వెళ్లి కూర్చున్నారు. (చరిత్రకెక్కిన మొదటి సమ్మె అదేనంటారు.)

రాణుల్లో తియె అనే ఆవిడకు తన కొడుకు పెంతవేర్ రాజు కావాలని కోరిక. ఇంతవరకు మనకు కొత్తేమీ కాదు, కైక ఉండనే ఉంది. కాని కైక వరం అడిగింది. తియె మనుషుల్ని కూడగట్టింది. పెబెక్కమెన్ అనే ఉద్యోగి రాణివాసపు స్త్రీల కబుర్లను బయట ఉన్న తల్లులకూ అన్నదమ్ములకూ మోశాడు, జనాన్ని రేపమని. నూబియాలో ఉన్న ఒక దళపతికి లోపలున్న తోబుట్టువే ఉత్తరం రాసింది. మైనపు బొమ్మలు చేసి మంత్రాలు కూడా వేశారు. మా వృత్తికి సిగ్గుచేటైన సంగతి ఒకటుంది. నిందితుల్లో సెఖ్మెత్ దేవత పూజారుల పెద్ద ఉన్నాడు. ఆ పూజారులు వైద్యం కూడా చేసేవారు.

విచారణ పత్రం ట్యూరిన్ మ్యూజియంలో ఉంది. అందులో నేరస్థుల పేర్లు మార్చి రాశారు, ‘సూర్యదేవుడు ద్వేషించేవాడు’ అనే అర్థం వచ్చేట్టు. విచారించవలసిన అధికారులే కొందరు నిందిత స్త్రీలతో విందు చేసుకుని దొరికిపోతే ముక్కూ చెవులూ కోశారు. పెంతవేర్ తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఇంత రాసినవాళ్లు రాజు ఎలా పోయాడో మాత్రం రాయలేదు.

శవం 1881లో దొరికింది. 1886లో కట్లు విప్పినా మెడ చుట్టూ దళసరి గుడ్డ అలాగే ఉండిపోయింది. తర్వాత తీసిన ఎక్స్‌రేల్లోనూ ఏమీ తేలలేదు. 2012లో ప్రచురించిన సి.టి. స్కాన్ వివరాల్లో బయటపడింది. స్వరపేటిక కింద సుమారు 7 సెంటీమీటర్ల గాయం, ఎముక దాకా. శ్వాసనాళం, అన్నవాహిక, పెద్ద రక్తనాళాలు అన్నీ తెగాయి. అదే చోట దొరికిన మరో శవం, మేకతోలు కప్పిన ఇరవై ఏళ్ల లోపు కుర్రవాడిది, జన్యు పరీక్షలో రాజు కొడుకుది కావచ్చని తేలింది.

ఆ వ్యాసం చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఈ దేశం వచ్చిన కొత్తలో, ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో, బొంగురు గొంతుతో ఒకావిడ వచ్చింది. మెడకు స్కార్ఫ్ బిగించి చుట్టుకుంది. అడిగిన ప్రతి ప్రశ్నకీ పక్కనున్న భర్తే జవాబు చెప్పాడు. నోరు తెరిపించి చూశాం, మాత్రలు రాశాం, పంపేశాం. వారం తిరక్కుండా ఆవిడ మళ్లీ వచ్చినప్పుడు నర్సు స్కార్ఫ్ విప్పింది. పాతబడి పసుపు తిరిగిన వేళ్ల గుర్తులు, కొత్తగా ఎర్రటివి. ఆవిడ బతికింది. స్కార్ఫ్ మొదటిసారే విప్పమనడానికి మాకు అర నిమిషం పట్టేది.

ఇదంతా మా అమ్మాయికి చెప్పలేదు. రాజు కథ మటుకు చెప్పాం, నాలుగవ రామెసెస్ గద్దెనెక్కడం దాకా. శవాన్ని సిద్ధం చేసినవాళ్లు ఆ గాయంలో హోరస్ కన్ను తాయెత్తు పెట్టారని కూడా చెప్పాం.

‘‘గాయం మానాలనా?’’ అంది.

అవునన్నాం.