వంటయింటి మెఱుపు

పొయ్యి వెలిగించుటకు మనము ప్రతిదినము టక్కుమని నొక్కు గ్యాసులైటరులో నూనె లేదు, బ్యాటరీ లేదు. మఱి యా నిప్పురవ్వ యెచ్చటిది? లోపలి స్ప్రింగు విడిచిన చిన్న సుత్తి యొక పింగాణి బిళ్ళను మోదును. ఆ దెబ్బకు వేలకొలది వోల్టుల విద్యుత్తు పుట్టి మెఱుపువలె దూకును. ఇట్లు కొన్ని స్ఫటికముల నొత్తినచో విద్యుత్తు జనించునని 1880లో ఫ్రాన్సుదేశమున జాక్ క్యూరీ, పియర్ క్యూరీ యను సోదరులు కనుగొనిరి. దీనిని పీజో విద్యుత్తందురు. ఆ పింగాణిలో సామాన్యముగా సీసము కలిసియుండును గావున, చెడిన లైటరును పిల్లల కాటవస్తువుగా నీయరాదు.

మా నాయుడుపేటలో రైలుదారికి చేరువనున్న యిండ్లయందు బండి పోవునపుడెల్ల నలమరలోని గిన్నెలు గలగలలాడును. పరీక్షకు చదువుచున్న మా మేనకోడలు, "అత్తా! ఈ యదురుతో దీపము వెలుగదా? కరెంటు పోయినపుడు చదువుకొందును గదా!" యని మమ్మడిగెను. పాత గడియారములోని మ్రోగు బిళ్ళకు చిన్న ఎల్.ఇ.డి. దీపమును తగిలించి చూచితిమి. వ్రేలితో కొట్టినపుడు దీపము మినుకుమనెను. గోడ కంటించి యుంచినపుడు, రైలు పోయినను మినుకుమనలేదు.

ఎందుకని లెక్క వేసితిమి. 50 కిలోల బరువుగల మనిషి గడపలోని పలక నరసెంటీమీటరు మేర నణచినను లభించు శక్తి సుమారు 2.5 జౌళ్ళే. అంతయు విద్యుత్తుగా మాఱినను 5 వాట్ల దీపము వెలుగునది అరసెకను మాత్రము. అదియు నుచితముగా రాదు. అణగు నేలపై నడచుట సముద్రపుటొడ్డున నిసుకలో నడచినట్లే, కాళ్ళ బలమే దాని వెల. గోడ యదురులోని శక్తి యంతకంటెను స్వల్పము. కావున నిట్టి పలకలతో నిల్లెల్ల వెలిగింతుమని యెవరైన సొమ్మడిగినచో, ముందీ లెక్క యడుగుడు. మేనకోడలికి మేము ఎండతో నిండు దీపమును కొనియిచ్చితిమి.

అట్లని స్వల్పశక్తి వ్యర్థము గాదు. యంత్రముల యదురును పసికట్టు పరికరములలో నీ బిళ్ళలే పనిచేయుచున్నవి. యురేనియము వలన గాలిలో పాఱు మిక్కిలి సన్నని విద్యుత్ప్రవాహమును మేరీ క్యూరీ కొలిచినదియు, తన భర్తయు బావగారును నిర్మించిన స్ఫటికపరికరముతోనే. ఆ కొలతలు దారి చూపగా, 1898లో పొలోనియము, రేడియము లోకమునకు తెలియవచ్చెను. ఈ కథ విన్న మేనకోడలు ఆ బిళ్ళను పాఱవేయక తన పెట్టెలో దాచుకొన్నది.