నల్లనిదల్లా చెడ్డది కాదు

కారు కొనడం ఒక ఎత్తు, వేళకు దాని నూనెలు మార్చడం ఒక ఎత్తు.

మా ఎస్‌యూవీ డీజిలుది. ఇంజనాయిలు పోసిన నాలుగు రోజులకే కాటుకలా అవుతుంది. "నల్లబడిందండీ, మార్చేద్దాం!" అంటాడు మెకానిక్కు. ఆ నలుపు మసిది. మసిని తనలో పట్టి ఉంచడం ఆ నూనె చేసే పనుల్లో ఒకటి. అంచేత నేను రంగు చూడను. బండితో ఇచ్చిన పుస్తకంలోని కిలోమీటర్లు, నెలలు - ఏది ముందొస్తే అప్పుడు మార్పిస్తాను.

బ్రేకాయిలు దగ్గర అతడి మాట తిరగబడుతుంది. "అద్దంలా ఉందండీ, ఎందుకు దండగ?" అంటాడు. చూపుకు తేటే గాని, అది గాలిలోని చెమ్మను గుట్టుగా పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కు పడిపోవచ్చు. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతూ ఉండగా తిరుమల కొండ దిగుతున్నామనుకోండి. బ్రేకులు కాగి, ఆ ఆయిలు మరిగిందా, గొట్టాల్లో ఆవిరి చేరి పెడలు మెత్తగా దిగిపోతుంది. బండి మాత్రం ఆగదు!

బండి తిరిగినా, చెట్టుకింద ఊరికే ఉన్నా చెమ్మకు ఒకటే. అందుకే, మెకానిక్కు ఏమన్నా సరే, రెండు ఉగాదులు వెళ్ళాయంటే మా బండికి కొత్త బ్రేకాయిలు పడవలసిందే.